వదిన చెవి

చక్రధర్ ఇరవై నిమిషాలు మాట్లాడితే చేట ఒక్క వాక్యం చెప్పింది.

"నేను ఈ ఊళ్లోనే పుట్టాను."

అంతే. ఆ తర్వాత పెట్టెలోంచి చప్పుడు లేదు. ఆకుపచ్చ దీపం మెల్లగా ఆరిపోయింది.

చక్రధర్ పెట్టెకేసి కాసేపు చూసి పకపకా నవ్వాడు. "ఇందూ, నీ పెట్టెకి చెవుడేమోనే! మెయిన్‌రోడ్డు మీద కొబ్బరికాయల బండివాళ్లు కూడా కత్తులు కిందపెట్టి విన్నారు నా స్పీచి."

"విన్నారు బాబాయ్. ఏం విన్నారో చెప్పమను," అంది ఇందుజ.

కేరేజీ విప్పుతున్న హైమావతి నవ్వు ఆపుకోలేకపోయింది. కూతురు చేసిన మిషను మరిదిని ఒక్క వాక్యానికి దించడం ఆమెకు ముచ్చటగానే ఉంది. మరిది చిన్నబుచ్చుకోకుండా నవ్వడం ఇంకా ముచ్చటగా ఉంది.

ఆ గది ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్. కింద మందుల షాపు, పైన ఇది. గోడకి ఇప్పటికీ వేళ్ల బొమ్మల పటం ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఇందుజ ఇంజనీరింగ్ చదివి, పై చదువు కూడా పూర్తిచేసి, మూడేళ్లుగా ఈ గదిలోనే, చేట అని తను పేరుపెట్టిన ఆ పెట్టె మీద పనిచేస్తోంది. చూడ్డానికి అది మూత బిగించిన టిఫిన్ డబ్బాలా ఉంటుంది. ఒకవైపు నుంచి ఉపన్యాసం పోస్తే గొంతూ, సాగదీతలూ, ఛలోక్తులూ, చప్పట్లూ పొట్టులా ఎగిరిపోతాయి. గింజ ఏదైనా ఉంటే రెండోవైపు నుంచి, ఆడో మగో చెప్పలేని చప్పని గొంతులో వినిపిస్తుంది.

వశిష్ఠపురానికి దానితో అవసరం పడింది. పోయినసారి పౌరపక్షం పార్టీ వాళ్లు మునిసిపల్ చైర్మన్ పదవికి నిలబెట్టినాయన పోస్టర్లలో బ్రహ్మాండంగా ఉండేవాడు. గెలిచాడు కూడా. ఏటా ఏప్రిల్లో గోదావరి కాలవలు కట్టేసే ముందే మంచినీళ్ల చెరువు నింపుకోవాలని, నింపడానికి ముందు పూడిక తీయాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆయన ఫొటోకి నిలబడేవాడు గానీ పూడిక తీయించేవాడు కాదు. కాలవ కట్టేసినాక చెరువు అడుగు కనపడింది. ఊరు ఊరంతా బిందెలతో ట్యాంకర్ల వెంట పరిగెత్తింది. ఆ వేసవిలోనే పార్టీ సభ్యులు తిరగబడి, ఇకమీదట అభ్యర్థిని పైనుంచి దింపకూడదు, ఊళ్లో ఉన్న మేమే ఓటు వేసి ఎంచుకుంటాం అని తీర్మానం చేయించుకున్నారు. జనం దానికి ఇంటి ఓటు అని పేరు పెట్టారు. ఈసారి మొహం చూసి మోసపోకూడదని అభ్యర్థులు తెరవెనక నిలబడి మాట్లాడాలన్నారు. సభ్యులు చెవుల్లో పెట్టుకునే గుళికల్లో చేట చెప్పింది మాత్రమే వినాలన్నారు. ఈ ఏర్పాటు ఇక్కడ నెగ్గితే చుట్టుపక్కల ఊళ్లు కూడా చేటని అడుగుతాయి. ఇందుజ మూడేళ్ల కష్టం అప్పటికి ఒడ్డున పడుతుంది.

పోటీలో మిగిలింది ఇద్దరు. ఒకరు చక్రధర్. రెండోది మాజీ కౌన్సిలరు పిల్లా సత్యవేణి.

సత్యవేణికి ఊళ్లో మంచిపేరు లేదు. గొంతు రేకుడబ్బా. పెళ్లికి వెళితే అక్షింతలు వేసేలోపే పెళ్లికూతురి తండ్రిని పట్టుకుని "డ్రైనేజీ మీద పందిరేశావేంటయ్యా, రేపు వానొస్తే నీళ్లెటు పోతాయి?" అని దులిపేసే మనిషి. హైమావతికి కూడా ఆవిడంటే పెద్ద ఇష్టం లేదు. ఓసారి కూరగాయల మార్కెట్లో అందరిముందూ "పుచ్చొంకాయలు ఏరుకుంటున్నావేంటమ్మా, కళ్లజోడు పెట్టుకో" అంది.

ఆ సభలకి వినికిడి అని పేరు. మొదటి వినికిడి రోజున కల్యాణమండపంలో చక్రధర్ మాటలు రెండు వాక్యాలయ్యాయి. సత్యవేణివి నలభైదాకా వచ్చాయి. సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఈవిడ ఇన్ని చెప్పిందేంటండీ ఇన్నేళ్లూ?" అన్నాడు ముందు వరసలో ఒకాయన.

"చెప్పింది. మనం చెవులు మూసుకున్నాం," అన్నాడు పక్కాయన.

ఆ వారంలో ఊరి గాలి సత్యవేణి వైపు తిరిగింది.

*

చేటకి ఆ విద్య ఎక్కడినుంచి వచ్చిందో ఊళ్లో చాలామందికి తెలియదు. హైమావతి చెవి నుంచి వచ్చింది.

మొదట్లో ఇందుజ నలుగురు లెక్చరర్లని కూర్చోబెట్టి, ఉపన్యాసాల్లో ఏది సరుకో గుర్తులు పెట్టమంది. నలుగురూ నాలుగు రకాలుగా పెట్టి, పైగా పోట్లాడుకున్నారు. విసిగిపోయి ఇంటికి వచ్చేసరికి తల్లి చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఎదురుగా టీవీలో ఎవరో నాయకుడు ఊగిపోతున్నాడు. తల్లి వేళ్లు ఆగకుండా కదులుతున్నాయి. ఒక్కచోట మాత్రం ఆగాయి. "ఈ మాట బాగానే ఉందే," అంది, టీవీకేసి చూడకుండానే. ఇందుజ ఆ ఉపన్యాసం సంపాదించి మూడుసార్లు చదువుకుంది. అందులో మాటంటూ ఉన్నది అదొక్కటే.

"అమ్మా, కుక్కలకీ పిల్లులకీ చెవులు నిక్కబొడుచుకుంటాయి కదా. మనక్కూడా చెవి వెనక ఆ చిన్న కండ మిగిలుంది. చెవి కదలదు గానీ కండ కదులుతుంది. నీకు తెలియకుండానే," అని బొట్టుబిళ్లంత పట్టీ ఒకటి తల్లి చెవి వెనక అంటించింది. ఆ వానాకాలమంతా హైమావతి పాత సభల రికార్డులు వింటూ వంట చేసింది, బట్టలు మడతపెట్టింది. చెవి వెనక కండ ఎక్కడ కదిలితే అక్కడ గింజ అని చేట నేర్చుకుంది.

బీయస్సీ బోటనీ ఫస్టుక్లాసులో ప్యాసయి, ఆ చదువుని కుండీల్లో మొక్కలకి తప్ప దేనికీ వాడని హైమావతికి ఇది లోలోపల గర్వంగానే ఉండేది. గర్వం దిగిన రోజు కూడా ఒకటి ఉంది.

ఇందుజ పెట్టెని ఇంటికి తెచ్చి, వరండాలో ఆన్ చేసి మరిచిపోయింది. హైమావతి అత్తగారు సూరమ్మ రావులపాలెంలో ఉన్న చెల్లెలితో ఫోన్లో అరగంట మాట్లాడి ఫోను పెట్టేసింది. పెట్టె గొంతు సవరించుకున్నట్టు కిర్రుమని, "రేపు కరెంటుండదు," అంది.

ఇందుజ పడీపడీ నవ్వుతూ సంగతి చెప్పింది. సూరమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఓసి నా కోడలా! అరగంట మాటాడితే నీ చెవికి అదేనేంటే ఇనపడింది? దాని మోకాళ్లనొప్పులు, మనవడి బారసాల, ఆ కబుర్లన్నీ పొట్టేనేంటే?"

"నేనేం చేశానత్తయ్యా, అది మిషను."

"మిషనేటి, నీ చెవేనంట కదా!"

అప్పుడే చక్రధర్ గుమ్మంలోకి వచ్చాడు. "వదినా, మొహం పీక్కుపోయిందేంటి? బీపీ మాత్ర వేసుకున్నావా లేదా?" అన్నాడు. పెట్టె ఉలకలేదు. పలకలేదు. ఆకుపచ్చ దీపం వెలగనైనా లేదు.

ఇందుజ నవ్వు ఆపి, "నాకిది కొత్తేం కాదులే," అంది. "బడినించి వచ్చి నేను కబుర్లు చెబుతుంటే నువ్వు ఊఁ కొట్టేదానివి గానీ వినేదానివి కాదు. మార్కులు చెప్పినప్పుడు మాత్రం తలెత్తేదానివి."

ఆ మాట వేళాకోళంగానే అంది. హైమావతి పోపు మాడేదాకా స్టవ్వు దగ్గర నిలబడిపోయింది.

*

ఆఖరి వినికిడికి ముందు ఆదివారం చక్రధర్ మళ్లీ లాబుకి వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం లేదు, పెదాల మీద పాట లేదు. మైకు ముందు కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడాడు.

పెట్టె దాదాపు ఆయన చెప్పినంతసేపూ చెప్పింది.

"చెరువు ఉత్తరపుగట్టు పక్కన పద్దెనిమిదెకరాల బీడు ఉంది. దాన్ని తీసుకుని చెరువు పెంచుతాం. తవ్వకం శివరాత్రి తర్వాతి సోమవారం మొదలు. లాకుల దగ్గర రెండు మోటార్లు, ఒకటి చెడితే ఇంకోటి. ఖర్చు ఆస్తిపన్ను పెంచి కాదు, మార్కెట్ యార్డు గదుల అద్దెలోంచి."

ఆకుపచ్చ దీపం ఆరనే లేదు. ఇందుజ కుర్చీలోంచి లేచింది. "బాబాయ్! ఇదంతా ఎప్పుడు చదివావు?"

"కష్టపడ్డానే మరి. మొహం చూసి ఓట్లేయరని తేల్చేశారుగా."

హైమావతి చెవి వెనక సన్నగా లాగినట్టయింది. పట్టీ పెట్టుకున్న వానాకాలం తర్వాత ఆ కదలిక ఆమెకి అప్పుడప్పుడూ తెలుస్తోంది. పదేళ్ల పిల్లాడప్పుడు తన చేతికి వచ్చినవాడు. మామగారు పోయాక సూరమ్మ మంచాన పడితే, వాడికి అన్నం పెట్టి, పంతుళ్ల దగ్గరికి చదువుకి పంపి, పరీక్ష ఫీజులకి గాజు తాకట్టు పెట్టి పెంచింది తనే. ఇంత చక్కగా మాట్లాడితే గర్వం కాక మరేమిటి?

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ఊరికే అడిగింది, ఇంకా వినాలనిపించి. "ఆ బీడు ఎప్పుడు చూసొచ్చావురా?"

"మొన్న గురువారం వదినా. సాయంత్రం," అన్నాడు చక్రధర్ ముద్ద కలుపుతూ, క్షణం కూడా ఆలోచించకుండా. "పోయినవాణ్ణి ఊరికే రాలేదు, గట్టంతా నడిచాను. గేటు దగ్గర ఓ నల్లకుక్క. చెవి తెగిందిలే పాపం. వదిలితే కండ పీకేసేదే."

హైమావతి వడ్డిస్తున్న గరిటె చారుగిన్నెలోనే ఆగింది.

నల్లకుక్క.

ఎనిమిదో తరగతిలో చక్రధర్ మాట్నీకి వెళ్లి వచ్చి, లైబ్రరీలో ఉన్నానని చెప్పాడు. ఏ బల్ల దగ్గర కూర్చున్నాడో, ఫ్యాను ఎలా కిర్రుమందో, వచ్చేటప్పుడు వంతెన దగ్గర కుక్క ఎలా వెంటపడిందో చెప్పాడు. పదో తరగతిలో ట్యూషను ఎగ్గొట్టినప్పుడు మేష్టారింటి మెట్ల మీద కుక్క. ఇంటర్లో సిగరెట్టు వాసనకి కారణం చెప్పినప్పుడు టీకొట్టు కింద కుక్క, కుంటిది. వాడు నిజం చెప్పేటప్పుడు కుక్క ఎప్పుడూ రాలేదు. ప్రతిసారీ ముందు ఆమె చెవి నమ్మేది. ఆ వివరాలకి చెవి లొంగిపోయేది. తర్వాత కుక్క వచ్చేది, అప్పుడు బుర్ర మేలుకునేది.

"చారు పొయ్యి వదినా, ఏంటలా చూస్తున్నావు?"

"ఏంలేదు. తిను," అంది హైమావతి.

మర్నాడు పొద్దున్నే పాలు కాచి దించి, సంచీ పట్టుకుని ఆటో ఎక్కింది. చెరువు ఉత్తరపుగట్టు దగ్గర దిగింది. అక్కడ బీడు లేదు. గేటు లేదు. కుక్క లేదు. కనుచూపు మేరా రొయ్యల చెరువులు. నీళ్లలో తెడ్ల చక్రాలు నురుగు రేపుతూ తిరుగుతున్నాయి. గట్టు మీద పాకలో మేత బస్తాలు సర్దుతున్న ఆడమనిషిని అడిగితే, "బీడేంటండీ! ఎప్పుడో మా అత్త కాపరానికొచ్చినప్పటి మాటండి అది. ఇప్పుడన్నీ లీజులే. ఇరవై కుటుంబాలు దీని మీదే బతుకుతున్నాయండి ఆయ్," అంది.

*

"మిషను తప్పేం చేయలేదమ్మా," అంది ఇందుజ, తల్లి గట్టు దగ్గర చూసొచ్చిందంతా విని. మొహం ఎర్రబడింది. "బాబాయ్ చెప్పినవి వాగ్దానాలే. గొంతు మీద ఆధారపడలేదు, మొహం మీద ఆధారపడలేదు. చేట చేయాల్సిన పని చేసింది."

"చేసింది. చేట పొట్టునే ఎగరేస్తుంది. రాయి గింజంత బరువుంటుంది, చేటలోనే ఉండిపోతుంది."

"అబద్ధం పట్టుకునే మిషనని నేనెప్పుడూ అనలేదు."

"నువ్వనలేదు. వినేవాళ్లు అలాగే అనుకుంటున్నారు," అంది హైమావతి కూర్చుంటూ. "మొదట్లో వాడు తన మొహంతో మాట్లాడాడు, పెట్టె ఒప్పుకోలేదు. ఇప్పుడు నా చెవితో మాట్లాడుతున్నాడు. తేదీ, చోటు, డబ్బెక్కడిది, ఇవి చెబితే నేను కరిగిపోతానని వాడికి పదేళ్లప్పటినించీ తెలుసు. ఊళ్లో ఇంకెవరికీ కుదరని పని వాడికి కుదిరింది. అంతే."

ఇందుజ గోడమీద వేళ్ల బొమ్మల పటంకేసి చూస్తూ కూర్చుంది.

"దీంట్లోంచి ఎగిరిపోయింది ఎక్కడికి పోతుంది?" అని అడిగింది హైమావతి.

"ఎక్కడికీ పోదు. విడిగా ఉంటుంది. పొట్టు డబ్బా అంటాను నేను."

"సత్యవేణిది పెట్టు."

పొట్టు డబ్బాలో సత్యవేణి రేకు గొంతు ఉంది. దగ్గు ఉంది. చాలాచోట్ల ఏమీ లేదు, ఊపిరి మాత్రమే. ఆ తర్వాత, "ఉండండి... ఇది నాకు తెలీదండి. కనుక్కుని చెప్తాను." ఇంకోచోట, "కాదు కాదు, తప్పు చెప్పాను. మళ్లీ చెప్తాను." ఇంకోచోట వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంటున్న గొణుగుడు.

"ఇవన్నీ పొట్టనుకుందా నా చెవి!" అంది హైమావతి.

తల్లీకూతుళ్లు చాలాసేపు అలాగే విన్నారు. చివరికి ఇందుజే అంది. "నువ్విప్పుడు లేచి నిజం చెబితే చేట పోతుందమ్మా. మూడేళ్లు."

"చేట పోదు. చేట ఒక్కటే చాలన్న మాట పోతుంది. చెరిగాక గాలించాలి కదే. బియ్యాన్ని నీళ్లలో తిప్పి తిప్పి వంచితే రాయి అడుగుకి పోతుంది. వట్టి చేటతో అన్నం వండితే పళ్లు విరుగుతాయి."

"మరి బాబాయ్?"

హైమావతి కేరేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించింది. "బాబాయ్‌ని నేను చూసుకుంటాను," అంది.

*

ఆఖరి వినికిడి రోజున మండపం నిండిపోయింది. లాయరు కామరాజు గారు సభకి పెద్దగా కూర్చున్నారు. తెరవెనక ఇద్దరూ మాట్లాడడం అయిపోయింది. గుళికల్లోంచి వచ్చిన చప్పని గొంతులో చక్రధర్‌వీ సత్యవేణివీ వాక్యాలు దాదాపు సరిసమానంగా ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే చక్రధర్‌వే నాలుగు ఎక్కువ. వెనక వరసలోంచి "మొహానికి మొహం, మాటకి మాట. ఇంకేం కావాలి?" అని వినపడింది.

హైమావతి లేచి నిలబడింది. పక్కనే ఉన్న భర్త ముత్యాలరావు ఆమె కొంగు చివర పట్టుకున్నాడు. ఆయన కొబ్బరి వ్యాపారి, సభల్లో మాట్లాడే మనిషి కాదు. "హైమా, వాడు నా తమ్ముడు," అన్నాడు మెల్లగా.

"నాకు కొడుకండీ," అంది ఆమె. కొంగు చేతిలోంచి జారిపోయింది.

"సభ్యురాలిగా ఒక ప్రశ్న అడగాలండి," అంది కామరాజు గారితో. "దానికి ముందు ఒక మాట చెప్పాలి. ఈ పెట్టెలో ఉన్నది నా చెవి. నా చెవిని చూసే ఇది నేర్చుకుంది. చక్రధర్‌ని పెంచింది నేను. నాకెలా చెబితే నచ్చుతుందో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అందుకని ఈ పోటీలో నా చెవిని లెక్కలోకి తీసుకోవద్దు. పెట్టె కట్టేయండి. తెర తీయండి. ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడుగుతాను. ఏం చెబుతారో వినండి, ఎలా చెబుతారో కూడా చూడండి."

మండపంలో గోల లేచింది. "మొహాలు చూడకూడదనేగా ఇదంతా!" అని ఎవరో అరిచారు. కామరాజు గారు ఇందుజవైపు చూశారు. ఇందుజ ఒక్కక్షణం తల్లికేసి చూసి, చేయి చాపి తనే స్విచ్చి కట్టేసింది. ఆకుపచ్చ దీపం ఆరింది. తెర పక్కకి జరిగింది.

చక్రధర్ తెల్లచొక్కాలో మెరిసిపోతున్నాడు. సత్యవేణి కళ్లజోడు తుడుచుకుంటోంది.

"కాలవ కట్టేశాక చెరువుగట్టు కారిందనుకోండి," అంది హైమావతి. "ఉన్న నీళ్లు ఊరందరికీ చాలవు. ముందు ఏ వీధికి కుళాయి ఆపుతారు?"

"ఏ వీధికీ ఆపను!" అన్నాడు చక్రధర్. ప్రశ్న ఇంకా గాల్లో ఉండగానే అన్నాడు. "నేనుండగా ఈ ఊళ్లో ఒక్క ఆడబిడ్డ బిందె ఖాళీగా ఉండదు వదినా!"

చప్పట్లు మోగాయి. హైమావతి చప్పట్లు అయ్యేదాకా ఆగింది.

"మీరు చెప్పండి, సత్యవేణి గారూ."

సత్యవేణి చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకుంది. పైకప్పుకేసి చూసింది. వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంది. మండపంలో ఎవరో దగ్గారు. ఎవరో "నిద్రపోయిందేమో చూడండి" అన్నారు. నవ్వులు. ఆ నవ్వులు కూడా అయిపోయి అందరూ నిశ్శబ్దమయ్యాక ఆవిడ నోరు తెరిచింది.

"ముందు మా వీధికే ఆపుతాను. మా వీధిలో నాలుగిళ్లకి బోర్లున్నాయి, బావి ఉంది, ఎలాగోలా తోడుకుంటాం. తర్వాత..." మళ్లీ ఆగింది. "తర్వాత మీ వీధికండి హైమగారూ. మీకు మేడల మీద ట్యాంకులున్నాయి, రెండ్రోజులు ఆగుతాయి. ఆసుపత్రి వీధికీ, కాలవగట్టు గుడిసెలకీ మాత్రం ఆపను. వాళ్లకి దాచుకోడానికి బిందె తప్ప ఇంకేం లేదు. మార్కెట్ సంగతి నాకు తెలీదు, అక్కడివాళ్లని అడగాలి. తిట్టుకుంటే తిట్టుకోండి. గట్టు కారినాక అందరికీ నీళ్లిస్తానన్నవాడు ఎవడికీ ఇవ్వడు."

ఈసారి చప్పట్లు లేవు. కొందరు తలలు దించుకుని ఎవరి వీధి లెక్క వాళ్లు వేసుకుంటున్నారు. హైమావతికి అది చాలు. కూర్చుంది. ముత్యాలరావు ఆమెకేసి చూడలేదు గానీ, మంచినీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికి ఇచ్చాడు.

ఇంటి ఓటు సత్యవేణికి పడింది. పెద్ద తేడాతో కాదు.

*

చక్రధర్ మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. పీట లాక్కుని కూర్చున్నాడు.

"నీతో జన్మలో మాట్లాడకూడదనుకున్నాను వదినా. ఆకలేసింది."

హైమావతి కంచం పెట్టింది. దొండకాయ వేపుడు వేసింది, వాడికిష్టమని మాడిన ముక్కలు ఏరి మరీ వేసింది.

"ఆ ప్రశ్న ఇంట్లో అడగొచ్చు కదా?"

"ఇంట్లో అడిగితే ఇంట్లో జవాబు చెబుతావు. ఆ కుక్కని ఎందుకు పెట్టావురా?"

చక్రధర్ చేయి నోటిదాకా వెళ్లి ఆగింది. "కుక్కుంటే నువ్వు నమ్ముతావు. చిన్నప్పటినించీ."

"కుక్కుందనే పట్టుకునేదాన్ని. చిన్నప్పటినించీ."

అతను నోరు వెళ్లబెట్టాడు. "మరి ఒక్కసారైనా చెప్పలేదే!"

"చెబితే కుక్కని మానేసి పిల్లిని పెడతావుగా."

పక్కగదిలోంచి సూరమ్మ నవ్వు వినపడింది. చక్రధర్ కోపంగా ఉండడానికి చాలా ప్రయత్నించాడు. పొలమారింది. నవ్వాడు. హైమావతి మజ్జిగ పోసింది.

*

సత్యవేణి ఊరి ఎన్నికలో కూడా గెలిచి చైర్‌పర్సన్ అయ్యేసరికి వేసవి గుమ్మంలోకి వచ్చేసింది. పూడిక సగమే తీయగలిగింది. ఏప్రిల్లో కాలవలు కట్టేశారు. పదిహేను రోజులు తిరక్కుండానే చెరువు దక్షిణపుగట్టు నిజంగానే కారింది. ఆవిడ చెప్పినట్టే ముందు తన వీధికి కుళాయి ఆపింది. మైకు పట్టుకుని ఆ సంగతి ఊరికి చెబితే, ఆ గొంతుకి సగం ఊరు తలుపులేసుకుంది. అప్పుడు ఆవిడ ఎవరినీ అడక్కుండా చక్రధర్ ఇంటికి వెళ్లి, "ఏమయ్యా, నే చెబితే తిట్టుకుంటున్నారు. నువ్వు చెబితే వింటారు. వీధివీధికీ వెళ్లి చెప్పు. ఉన్నదే చెప్పు," అంది.

ఇందుజ టైపు ఇన్‌స్టిట్యూట్ గదిలో పెట్టె మూత విప్పి కూర్చుంది. చుట్టుపక్కల ఊళ్ల కబురు ఇంకా రాలేదు. ఈసారి ఒక్క చెవి కాదు, పాతిక చెవులు కావాలంటోంది. అందులో మొదటిది మామ్మ సూరమ్మది.

చక్రధర్ ఆ వీధికి వచ్చిన రోజు హైమావతి కుండీల్లో మొక్కలకి బియ్యం కడిగిన నీళ్లు పోస్తోంది. చక్రధర్ గేటు తోసుకుని లోపలికి రాలేదు. వీధిలో అందరి ఇళ్ల ముందూ నిలబడినట్టే ఆ ఇంటిముందూ నిలబడ్డాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"వదినా, రేపటినించి మన వీధికి నీళ్లు రావు."

"ఎన్నాళ్లు?"

వెంటనే ఏదో చెప్పబోయాడు. ఆ పెదాల కదలిక ఆమెకి బాగా తెలుసు. అవి మళ్లీ మూసుకున్నాయి. గేటు ఊచ పట్టుకుని, చెరువు ఉన్న వైపుకేసి చూశాడు. వీధి చివర ఎవరో ఖాళీ బిందె కిందపెట్టిన చప్పుడయింది.

"తెలీదు వదినా," అన్నాడు. "గట్టు దగ్గరికి వెళ్లి కనుక్కొని వచ్చి చెప్తాను."

హైమావతి చెవి వెనక, పట్టీ తీసేసి ఎన్నాళ్లో అయిన చోట, ఆ చిన్న కండ కదిలింది.